అరవై ఒకటో కాగితం

ఎదుటి హోటలు కప్పు మీద నాలుగో ఫ్యాను బేరింగు అరుస్తోంది. రోడ్డుకు ఇవతల, అద్దం దించి ట్రక్కులో కూర్చున్న వెండెల్ స్ట్రౌడ్‌కు ఆ అరుపు కారు హారన్ల మధ్య నుంచి, పాటల పెట్టె మోత మధ్య నుంచి విడిగా వినిపిస్తోంది. మూడేళ్ళ కిందట తాను వదిలి వచ్చేనాటికే అది గొణగడం మొదలుపెట్టింది. గ్రీజు పెట్టించండి అని రాసిచ్చి వచ్చాడు. ఎవరూ పెట్టించలేదు. ఇంకో నెలకో రెండు నెలలకో ఇరుసు విరుగుతుంది, విరిగితే ఐదో అంతస్తులో పడమటి గదులన్నీ ఫ్లోరిడా ఎండకు ఉడికిపోతాయి, ఉడకనీ, ఆ గదుల్లో పడుకునేవాళ్ళు ఉక్కగా ఉందని పైకి అనను కూడా అనలేరు, అంటే పక్క మంచం వాడు పైవాళ్ళకు చీటీ రాస్తాడు. ఇరవై రెండేళ్ళు ఆ పాత హోటలుకు చల్లగాలి పట్టింది తానే. పేరుకే హోటలు. లోపల ఉండేది సంఘం, మనిషి మనసులో మురికి కడిగి, ఎన్నో జన్మల బరువు దించి పంపిస్తామని చెప్పే సంఘం. నమ్మి పనిముట్ల సంచీతో లోపలికి పోయాడు. అదే సంచీతో బయటికి వచ్చాడు, నమ్మకం పోయి కాదు, మోకాళ్ళు పోయి. నిచ్చెన ఎక్కలేని మెకానిక్కు వాళ్ళకు అక్కర్లేదు. బయట అందరూ అడుగుతారు, ఏ రోజున మీ కళ్ళు తెరుచుకున్నాయండీ అని. ఏ రోజునా తెరుచుకోలేదు. పొమ్మన్నారు, వచ్చాడు. కళ్ళు ఆ తరవాత మెల్లిగా తెరుచుకున్నాయి, అప్పటికి చూడడానికి ఏమీ మిగల్లేదు.

పదకొండు దాటింది. ఎదుటి కాలిబాట మీద నలభై మంది దాకా ఉన్నారు. అందరిదీ ఒకటే ముఖం. తెల్లటి ప్లాస్టిక్ ముసుగు, సన్నటి మీసం, కొసదేరిన గడ్డం, చెవుల దాకా నవ్వు. నెలకో శనివారం ఇలా వస్తారు. నెట్లో కలిశారు, నెట్లోనే మాట్లాడుకున్నారు, ఇక్కడ భుజం భుజం రాసుకుని నిలబడ్డా ఒకరి అసలు పేరు ఒకరికి తెలియదు, అడగరు, అది వాళ్ళ మర్యాద. ముసుగు తీస్తే సంఘంవాళ్ళు ఫోటో పట్టి, ఇల్లు కనుక్కుని, ఇరుగుపొరుగు తలుపులు కొట్టి మీ పక్కింటాయన ఎలాంటివాడో తెలుసా అంటారు. ఆ వరసలో ముసుగు లేనిది ఒక్కరికే, అతని కూతురు కొరీన్‌కు. ఇరవై ఆరేళ్ళు. అచ్చం తల్లి లాగే ఎడమ కాలి మీద బరువు వేసి నిలబడింది. చేతిలో అట్ట ముక్క, దాని మీద ఎర్ర అక్షరాలు: ‘మా అమ్మ మీద చీటీ రాసిందెవరు?’ కొంచెం ఇవతల టీవీ వాళ్ళ బండి ఆగి ఉంది. పన్నెండు గంటల వార్తల్లో కొరీన్ అక్కడి నుంచే మాట్లాడుతుంది. పన్నెండింటికి ఆమె చేతికి తల్లి కాగితాలు కూడా వస్తాయి, రావలసి ఉంది. ఆ కాగితాలు ప్రస్తుతం వెండెల్ పక్క సీటు మీద, గోధుమరంగు అట్టలో ఉన్నాయి. సంఘం ఆమె మీద కూడబెట్టిన చీటీలకు, లోపలి నుంచి ఎవరో బయటికి చేరవేసిన నకళ్ళు. నూట పద్నాలుగు. ప్రతి దాని మూలనా చేత్తో వేసిన నంబరు. భార్య ఆర్డిత్ పోయి పదమూడేళ్ళయింది. ఇంట్లో ఆమె ఫోటో కూడా సరిగ్గా లేదు, సంఘం ఇచ్చిన గుర్తింపు కార్డు మీదిదే ఒకటి, ఇప్పుడు నూట పద్నాలుగు కాగితాల మందాన పక్కన కూర్చుని ఉంది.

ఇచ్చింది గూడబాతు. నెట్లో ఆమె పేరు అదే. అసలు పేరు వెండెల్‌కూ తెలియదు. యాభై దాటిన మనిషి, వీపు మీద నెరిసిన జడ, ఇరవై ఏళ్ళు ఆసుపత్రిలో రోగుల కాగితాలు సర్దే ఉద్యోగం చేసి వచ్చిందట, అందుకే లోపలి నుంచి ఏ కాగితం జారినా ముందు ఆమె దగ్గరికే చేరుతుంది. ఆమెకు కొన్ని కట్టుబాట్లు. అధికారుల పేర్లు ఉన్నవి ఉన్నట్టు నెట్లో పెడుతుంది. మామూలు సభ్యుల పేర్ల మీద నల్ల సిరా పూస్తుంది. పిల్లల చేత రాయించినవి అసలు పెట్టదు. కానీ ఇంటివాళ్ళు తమవాళ్ళ కాగితాలు అడిగితే మాత్రం ఒక్క అక్షరం చెరపకుండా, ఒక్క కాగితం ఆపకుండా ఇస్తుంది. ఇందాక ముసుగు నుదుటి మీదికి ఎత్తుకుని, ట్రక్కు కిటికీ దగ్గర నిలబడి, అట్ట లోపలికి చాచింది.

“వెండెల్ గారూ, ఇది మీ అమ్మాయి అడిగింది. పన్నెండింటికి ఇస్తానన్నాను. ముందు మీరు చూడాలి.”

“నేనెందుకమ్మా?”

“అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు చూడండి. ఎందుకో మీకే తెలుస్తుంది.”

చూశాడు. అరవై రెండూ అరవై మూడూ చూడనక్కరలేదు, ఏముందో కామాలతో సహా గుర్తుంది. అరవై ఒకటి చూశాడు. చూసి అట్ట మూశాడు. గూడబాతు కదలలేదు. ఆమె మెడ మీద చెమట బొట్టు జారి చొక్కాలోకి పోయింది.

“ఆ అరవై ఒకటి తీసెయ్యండమ్మా.”

“కాగితాలు మాయం చెయ్యడం వాళ్ళ పని. నేను చెయ్యను.”

“మరి నా చేతికెందుకిచ్చారు?”

“మీరూ ఇంటివాళ్ళే కదా. ఇంటివాళ్ళ చేతిలో పెట్టాను. ఆ చేతులు తరవాత ఏం చేశాయో నేను చూడలేదు.”

“అది వచ్చి మిమ్మల్నే అడిగితే?”

“అడిగితే చెప్తాను. ఉన్న కాగితాన్ని లేదనడం నాకు చేతకాదు. అడక్కపోతే నా అంతట నేను నోరు విప్పను. అంతకంటే ఏమీ చెయ్యలేను, ఏమనుకోకండి.” ముసుగు దించుకుని, నవ్వు మొహంతో వెళ్ళిపోయింది.

సంఘంలో చీటీ రాయడం తప్పు కాదు, రాయకపోవడం తప్పు. పక్కవాడు సందేహపడ్డా, అలిసిపోయి విసుక్కున్నా, బయటివాళ్ళతో మాట్లాడినా, చూసినవాడు కూర్చుని రాసి ఇవ్వాలి. ఇస్తే ఆ మనిషి తొందరగా దారిలోకి వస్తాడు, ఇవ్వకపోతే వాడి పాపంలో నీకూ వాటా. భర్త భార్య మీద రాయొచ్చు. రాయాలి. ఎవరి మీద ఎంత ప్రేమ ఉంటే అంత వివరంగా రాయాలని నడవడి అధికారి వెర్నర్ చెప్పేవాడు, వెండెల్ చీటీలు చదవడానికి హాయిగా ఉంటాయని అందరి ముందూ మెచ్చుకునేవాడు. హాయిగా ఎందుకుండవు. జార్జియాలో వేరుశనగ చేల మధ్య ఒకే గది బడి, ఎనిమిది తరగతులకూ కలిపి ఒకే ఓడమ్ పంతులమ్మ, బెత్తం అవసరం లేని మనిషి, కళ్ళద్దాల పైనుంచి చూస్తే చాలు. వాన గురించి రాయమంటే వెండెల్ పెద్ద పెద్ద మాటలు ఏరుకొచ్చి రాశాడు, ఆమె అన్నీ కొట్టేసింది. నువ్వు చూసింది రాయి, అనుకున్నది రాయకు, ఒక మాటతో అయ్యేదానికి రెండు వాడకు. తొమ్మిదేళ్ళ వయసులో నేర్చుకున్నాడు. ఒంట పట్టింది. కంప్రెసర్ ఎందుకు ఆగిందో రాసినా అలాగే రాశాడు, పెళ్ళాం ఎందుకు ఏడుస్తోందో రాసినా అలాగే రాశాడు. నా భార్య ఆర్డిత్ ఫిబ్రవరి ఇరవై ఏడున వల్డోస్టాలోని తన చెల్లెలు హేజెల్‌తో ఫోనులో మాట్లాడింది. హేజెల్‌ను సంఘం వెలి వేసింది. ఆర్డిత్‌కు ఎడమ రొమ్ములో గడ్డ తగులుతోంది. బయటి డాక్టరుకు చూపించుకుంటానంటోంది. ఇక్కడి నుంచి వెళ్ళిపోదామని నన్ను అడిగింది. ఐదు వాక్యాలు, ఒక్క పొల్లు మాట లేదు. పంతులమ్మ చూసి ఉంటే ఏమీ కొట్టేసేది కాదు.

ఎవరో ట్రక్కు తలుపు మీద తట్టారు. ల్యూథర్. సంఘం తరపున ఫోటోలు తీసేవాడు. ఒకప్పుడు ఆరేళ్ళు వెండెల్ కింద పనిచేశాడు, గాలి గొట్టాల్లో పాకుతూ ఇద్దరూ ఒకే సీసాలో నీళ్ళు తాగారు. ఇప్పుడు తెల్ల చొక్కా, నల్ల నడుం కోటు, మెడలో కెమెరా. వెలి వేసినవాడితో మాట్లాడకూడదు కాబట్టి కెమెరాలోకి చూస్తూ, కెమెరాకే చెబుతున్నట్టు అన్నాడు.

“ముఖం నీడలో ఉంది. కొంచెం ఇటు.”

“ఎడమ వైపు తీసుకో. కుడి వైపు పళ్ళు కట్టించుకోలేదు.”

ల్యూథర్ పెదవి ఒక పక్క వణికి ఆగింది. క్లిక్కుమనిపించాడు.

“నాలుగో ఫ్యానుకు గ్రీజు పెట్టించు” అన్నాడు వెండెల్. “లేకపోతే మీ గదే ముందు ఉడుకుతుంది.”

ల్యూథర్ ముసుగుల వైపు పోయాడు. అక్కడ ఒక ముసుగు ఇంకో ముసుగుకు కేకు ముక్క అందిస్తోంది. “ముసుగు తీసి తినరా.” “తీస్తే వీడు ఫోటో తీస్తాడు.” “అయితే గడ్డం కింద నుంచి తొయ్యి.” “క్రీమంతా మీసానికి అంటింది.” “నాకియ్యి, నేను నాకుతా.” “నీ ప్లాస్టిక్ నువ్వు నాక్కో.” ల్యూథర్ కెమెరా వాళ్ళ మీదికి తిప్పగానే అందరూ చేతులు ఎత్తి వరసగా భంగిమలు పెట్టారు. ఇన్నేళ్ళూ అందరూ భయపడ్డ కెమెరా అది. లోపల ఉన్నవాళ్ళు దాన్ని చూస్తే గోడకు అతుక్కుపోతారు. వీళ్ళకు ఆటబొమ్మ అయిపోయింది. పోగొట్టుకోవడానికి లోపల ఎవరూ లేనివాళ్ళకు ధైర్యం సులువు, అనుకున్నాడు వెండెల్, వెంటనే ఆ మాట తనకే నచ్చలేదు, చూసింది రాయి, అనుకున్నది రాయకు. చూసిందేమిటంటే, పదహారేళ్ళు వాళ్ళ బడిలో పెరిగిన తన కూతురికి చెయ్యి వణక్కుండా నిలబడడం వీళ్ళే నేర్పారు. తాను నేర్పలేదు.

నేర్పింది రాత. వంటింటి వెనక మెట్ల మీద, ఆర్డిత్ బెండకాయలు తరుగుతుంటే, పిల్ల ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని, నాన్నా వానకు ఏం రాయాలి అని. నువ్వేం చూశావు? మెట్టు తడిసింది. అయితే మెట్టు తడిసింది అని రాయి. ఐదేళ్ళప్పుడు. పదకొండేళ్ళప్పుడు రాసింది ఈ అరవై ఒకటి. పేరు చూడక ముందే వాక్యాలు చూసి పోల్చుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం బడిలో ఒక గంట చీటీల గంట. పిల్లలందరూ వారంలో చూసింది రాయాలి. బాగా రాసిన వాళ్ళకు గోడ మీది పట్టికలో నక్షత్రం. 1994 మార్చి నాలుగు. మా అమ్మ ఫోనులో ఏడ్చింది. హేజెల్ పిన్నితో మాట్లాడింది. అమ్మకు ఇక్కడ గడ్డ ఉంది. బయట డాక్టరు దగ్గరికి వెళ్తానంది. అమ్మకు తొందరగా బాగవ్వాలని రాస్తున్నాను. కింద గుండ్రటి అక్షరాలతో సంతకం, చివరి అక్షరం తోకకు పువ్వు. మూలన ఎర్ర సిరాతో ఎవరో పెద్దవాళ్ళు వేసిన నక్షత్రం.

మార్చి పద్నాలుగున వెర్నర్ పిలిపించాడు. కుర్చీ వేశాడు. కాఫీ ఇచ్చాడు. “ఇంట్లో సంగతి మాకు ముందే తెలుసు వెండెల్. నీకు తెలుసో లేదో, తెలిస్తే దాస్తావో లేదో చూద్దామని పిలిచాను.” రెండు రేకు డబ్బాలు చేతుల్లో పెట్టి, మనసులో దాచింది పట్టిస్తుందని వాళ్ళు చెప్పే ముల్లు కదిలే యంత్రం ముందు కూర్చోబెడతాడేమో అనుకున్నాడు, అదీ లేదు, కాగితం, కలం, అంతే. రాశాడు. మీకు ముందే తెలిసిన సంగతే అయినా అని పైన ఒక వరస వేసి మరీ ఆ ఐదు వాక్యాలూ రాశాడు, సంతకం రెండో కాగితం మీదికి పోయింది. పదిహేనేళ్ళుగా ఆ ముక్కను పట్టుకుని వేలాడాడు. వాళ్ళకు ముందే తెలుసు. తాను రాయకపోయినా జరిగేదే. ముందు ఎవరో రాశారు. ఎవరు? వంటింట్లో ఆమెతో పనిచేసే ఎర్రజుట్టు మనిషి మీద కొన్నాళ్ళు, టెలిఫోను గదిలో కూర్చునే ముసలాయన మీద కొన్నాళ్ళు, అసలు ఎవరూ రాయలేదు, వెర్నర్ తనను బెదరగొట్టి లాగాడు అని కొన్నాళ్ళు. ఎప్పటికైనా ఆ మొదటి మనిషి పేరు దొరికితే సగం బరువు అక్కడికి తోసెయ్యొచ్చని ఉండేది. దొరికింది. పక్క సీటు మీద ఉంది. చివరి అక్షరానికి పువ్వు ఉంది.

ఆర్డిత్‌ను నేల కింది అంతస్తులో, కార్లు ఆపే చోట, వేరుగా పడుకోబెట్టారు. పగలంతా గిన్నెలు తోమడం, సాయంత్రం డబ్బాలు పట్టుకుని ప్రశ్నలకు జవాబు చెప్పడం. పదకొండు నెలలు. ఎవరూ మాట్లాడకూడదు. భర్త అసలు మాట్లాడకూడదు. ఒకసారి గిన్నెల గది పైన ఆవిరి పోయే గొట్టం మూసుకుపోయింది, వెండెల్ లోపలికి పాకి పోయి జాలీ విప్పుతుంటే కింద ఆమె తల కనిపించింది. పాపిడి వెడల్పయింది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. దగ్గింది. అతని నోట్లో రెండు మరలు ఉన్నాయి, ఉన్నాయి కాబట్టి మాట్లాడలేదని తరవాత చాలా ఏళ్ళు అనుకున్నాడు. ఆమె తల ఎత్తలేదు. “పిల్ల తింటోందా?” అంది గిన్నెతో. మాట్లాడితే సాయంత్రానికి తన మీద తానే చీటీ రాసుకోవాలి. గొట్టం మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. “సరే” అంది గిన్నెతో. ఇంతే. అతడు చేసిన ధైర్యం ఆ రెండు దెబ్బలు. డాక్టరు దగ్గరికి పంపేసరికి ఎముకల్లోకి పోయింది. ఆసుపత్రిలో మూడు రోజులు పక్కన కూర్చోనిచ్చారు, సంఘం మనిషి ఒకామె తలుపు దగ్గర కుర్చీలో ఉండగా. కిటికీ తెర వెయ్యమంది, తీయమంది, మంచుముక్క అడిగింది. రెండో రోజు పొద్దున అంది, “పిల్లను ఎప్పుడూ ఏమీ అడగకు.” ఏం అడగకూడదు అన్నాడు. “ఏమీ.” చదువు గురించి కాబోలు, అది చదువులో వెనకబడింది, వేధించకు అంటోంది కాబోలు అనుకున్నాడు. ప్రశ్నలు వేసేటప్పుడు చీటీలు ముందు పెట్టి అడుగుతారని అతనికి తెలుసు. అరవై ఒకటి ఆమె ముందు పెట్టారు. అరవై రెండు, అరవై మూడు కూడా పెట్టారు. మొదటి దాని గురించి మొగుడికి అప్పగింత చెప్పి పోయింది. మిగతా రెండింటి గురించి ఒక్క మాట అనలేదు. అనకపోవడాన్ని ఎవరైనా క్షమ అనుకోవచ్చు. వెండెల్ అనుకోలేదు. అనలేదు, అంతే.

ఇరవై ఏళ్ళకు కొరీన్ గోడ దూకి పారిపోతే, తెగతెంపుల ఉత్తరం రాయమన్నారు. అదీ రాశాడు. నాలుగు వాక్యాలు. తాను బయట పడ్డాక ఏడాదికి ఆమే వెతుక్కుంటూ వచ్చింది, అద్దె గది తలుపు దగ్గర నిలబడి, నీకు తెలియకుండానే కదా నాన్నా అమ్మను తీసుకెళ్ళింది, అంది. తెలియకుండానే అన్నాడు. ఎంత తేలికగా వచ్చిందో ఆ మాట. ఆ తరవాత ప్రతి ఆదివారం పదింటికి ఫోను. ఏం తిన్నావు, మోకాళ్ళకు ఆ మందు రాస్తున్నావా, పళ్ళు కట్టించుకో. వారం మొత్తంలో అతనితో మాట్లాడేది ఆ పావుగంట. మిగతా రోజుల్లో అంగట్లో సంచీ కావాలా అని అడిగే పిల్ల ఒకతె. ఆదివారం కోసమే చొక్కా మార్చుకుంటాడు, ఫోనులో కనిపించదని తెలిసీ. ఈ రెండేళ్ళలో కొరీన్ ఒకే పని పెట్టుకుంది. ఎవరు రాశారు? నెట్లో అడిగింది, బయటికొచ్చిన వాళ్ళ ఇళ్ళకు పోయి అడిగింది, పత్రిక వాడొచ్చి రాసుకుంటే అందులోనూ అదే అడిగింది. ఆ పేరు తెలిసే దాకా ఆగదు. మూడు కాగితాలూ దాచేస్తే వెతుకుతూనే ఉంటుంది, వెతికి వెతికి ఒక రోజు ఏదో ఒక మూల నుంచి, ఎవరో తెలియనివాడి చేతిలో, తన గుండ్రటి అక్షరాలు తనే చదువుకుంటుంది. మూడూ ఇస్తే ఇవాళే చదువుకుంటుంది, టీవీ కెమెరా ముందు నిలబడి. ఇస్తే తండ్రి మీద కోపం సగమవుతుంది. మనిద్దరం అంటుందేమో. మనిద్దరం అని వినడం ఎలా ఉంటుందో ఒక్క నిమిషం నోట్లో వేసుకుని చూశాడు వెండెల్. తియ్యగా ఉంది. తియ్యగా ఉండడమే వద్దనుకోవడానికి సరిపోయింది. అట్ట తెరిచి అరవై ఒకటి లాగి, నాలుగు మడతలు పెట్టి, తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

అయితే అది చాలదు. తీసేస్తే ఖాళీ కనిపిస్తుంది, అరవై తరవాత అరవై రెండు. అడుగుతుంది. గూడబాతును అడిగితే ఆమె చెప్పేస్తుంది. కాబట్టి ఎవరినీ అడగాలనిపించని జవాబు తానే ఇవ్వాలి. ఆ జవాబు ఖరీదు ఆదివారాలు. బేరం ఆడడానికి ఎదుట ఎవరూ లేరు. పన్నెండుకు పది నిమిషాలు ఉందనగా అవతలి తలుపు తెరుచుకుంది.

“ఏంటి నాన్నా, ఇందులో కూర్చుని ఉడుకుతున్నావు? దిగి నీడలో నిలబడొచ్చుగా.”

“మోకాళ్ళు.”

“ఎప్పుడూ ఆ మోకాళ్ళనే అడ్డం పెట్టు. టీవీ అమ్మాయి నిన్ను కూడా రమ్మంటోంది. రెండు ముక్కలు చాలంట. నువ్వెలాగూ రెండు ముక్కలకు మించి మాట్లాడవని చెప్పాను.” నవ్వింది. అట్ట చూసింది. “ఇదేనా? గూడబాతు నీకిచ్చిందా? నాకు పన్నెండింటికంది.”

“నేనే ముందు తీసుకున్నాను. అరవై రెండు చూడు.”

చూసింది. వేలు పెట్టుకుని చదువుతుంది కొరీన్, చిన్నప్పటి అలవాటు, వేలు ఏ వరస మీద ఉందో చూడకుండానే వెండెల్‌కు తెలుస్తోంది, ఫిబ్రవరి ఇరవై ఏడు, హేజెల్, గడ్డ. అతడు కప్పు మీది ఫ్యాను కేసి చూశాడు. వేలు అరవై మూడు చివర సంతకం దగ్గర ఆగింది. బయట ఎవరి కారో హారను కొట్టుకుంటూ పోయింది, ముసుగులన్నీ కేకలు వేశాయి.

“ఇది నీ దస్తూరీ.”

“అవును.”

“కొట్టారా నిన్ను?”

“కుర్చీ వేశారు. కాఫీ ఇచ్చారు.”

“నీకు తెలియకుండా తీసుకెళ్ళారన్నావు.”

“అబద్ధం.”

ఆమె మళ్ళీ మొదటికి పోయింది. పెదవులు కదుపుతూ చదివింది. “మీకు ముందే తెలిసిన సంగతే అయినా, అని ఉంది. వాళ్ళకు ముందే ఎవరు చెప్పారు?” కాగితాలు వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. “అరవై ఒకటి ఏది?” అతడు తొడను సీటుకు ఇంకా గట్టిగా అదిమాడు. ఆమె కళ్ళు కాగితం మీద నుంచి లేచి, రోడ్డు దాటి, హోటలు పక్క తలుపు మీదికి పోయాయి, అదే ఒకప్పటి బడి తలుపు, దాని మీద నిలిచిపోయాయి. “శుక్రవారాలు మా చేత కూడా...” అంది మెల్లిగా. “బడిలో. ఏం రాసేదాన్నో ఒక్కటీ గుర్తు లేదు నాన్నా. నేనేమైనా...”

“అది నాదే” అన్నాడు వెండెల్. అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. “అరవై ఒకటి. పది రోజుల ముందు రాశాను. ఎవరూ పిలవలేదు, నేనే పోయి ఇచ్చాను. వాళ్ళకు ముందే తెలిసింది నా వల్లే.”

“ఏది?”

“తీసేశాను.”

“ఇవి చూపించి అదొక్కటే ఎందుకు తీశావు? ఏముంది అందులో?”

“ఆ మనిషి నాకు అక్కర్లేదు, తీసుకుపొండి అని ఉంది.”

ఆమె అతని ముఖం కేసి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు, ఏడవలేదు. నమ్మదేమో అనుకున్నాడు. ఇరవై రెండేళ్ళు అతడు ఏది రాసినా నిజమే రాశాడు, అందుకే ఇప్పుడు చెప్పిన అబద్ధం నిలబడింది. ఆమె ముఖంలో ఏదో ఒకటి, ఇందాక బడి తలుపు కేసి చూసినప్పుడు తెరుచుకోబోయింది, మూసుకుంది. కాగితాలు అట్టలో పెట్టి అంచులు సరిచేసింది.

“ఆదివారం ఫోను చెయ్యకు.”

“చెయ్యను.”

“నేనూ చెయ్యను.”

“సరే.”

దిగింది. తలుపు వెయ్యలేదు, వదిలేసి పోయింది. అతడు వంగి మూసుకోలేదు, కదిలితే తొడ కింది కాగితం చప్పుడవుతుంది. కొరీన్ రోడ్డు దాటింది. కెమెరా ఎడమ వైపు ఉంది. ఆమె కుడి వైపు తిరిగింది. కుడి వైపు దీప స్తంభం దగ్గర గూడబాతు నిలబడి ఉంది, నెరిసిన జడ, నవ్వు ముసుగు. వెండెల్‌కు ఫ్యాను అరుపు వినిపించడం ఆగిపోయింది. కొరీన్ ఆమె ముందు ఆగింది. ఏదో అంది. ముసుగు ఇటు తిరగలేదు, ట్రక్కు కేసి చూడలేదు, నవ్వు అలాగే ఉంది, నవ్వు వెనక ఏముందో ఇంత దూరానికి తెలియదు. గూడబాతు చెయ్యి లేచింది. చేతిలో నీళ్ళ సీసా. కొరీన్ అందుకుని, తల ఎత్తి, సగం దాకా తాగింది. మూత బిగించి ఇచ్చేసింది. మణికట్టుతో మూతి తుడుచుకుంది. అట్ట చంకలో పెట్టుకుని కెమెరా వైపు నడిచింది.

టీవీ అమ్మాయి మైకు సరిచేసి, కొరీన్ భుజం పట్టి ఎండకు ఎదురుగా నిలబెట్టింది. పన్నెండయింది. ముసుగులు పాటల పెట్టె ఆపేశాయి. ఇంత దూరానికి మాటలు వినిపించవు. కానీ ఆ పెదవులకు మాటలు నేర్పినవాడు కాబట్టి వెండెల్ చదవగలడు. కొరీన్ తల్లి పేరు చెప్పింది. తరవాత చెయ్యెత్తి ట్రక్కు కేసి చూపించింది, కెమెరా తిరిగింది, అతడు ఎడమ వైపు తిప్పకుండా ముఖం నేరుగా ఉంచాడు. వెండెల్ స్ట్రౌడ్, అంది ఆమె, ఇంటిపేరుతో సహా. రెండోసారి కూడా అంది. టీవీ అమ్మాయి ఇంకేదో అడిగింది, ఇంకెవరైనా ఉన్నారా అని కావచ్చు. కొరీన్ తల అడ్డంగా ఊపింది.